దూర్‌బీన్ పెడితే బేఈమానీ అవుతుందా?



పోయిన జుమా రోజు నమాజ్ అయ్యి ఇంటికొచ్చి కూర్చున్నానో లేదో, కెనడా నుంచి మామూజాన్ ఫోన్. మా అమ్మీకి పెద్దన్న. కర్నూల్లో పుట్టి, ముప్పై ఏళ్ల కిందట ఒటావా వెళ్లి అక్కడే స్థిరపడ్డారు. ఆయనకున్న ఒకే ఒక్క షౌఖ్ నిషానాబాజీ. షికారు కాదు, కాగితం మీద గీసిన వలయాలను దూరం నుంచి కొట్టే ఆట. టార్గెట్ రైఫిల్ అంటారు. ఇన్నేళ్లూ దూర్‌బీన్ లేకుండా, తుపాకీకి ఉండే సాదా దీద్‌బాన్‌తోనే ఆడారు.

"బేటా, కుడి కంటికి మోతియాబింద్ ఆపరేషన్ అయింది. ఇప్పుడు మక్ఖి సరిగ్గా ఆనడం లేదు. క్లబ్బులో దోస్తులు స్కోప్ పెట్టుకుని వేరే వర్గంలో ఆడమంటున్నారు. నువ్వు తారీఖ్ చదివినోడివి కదా, ఒక మాట చెప్పు. ఇన్నేళ్లు కంటితో ఆడి, ఇప్పుడు దూర్‌బీన్ పెడితే అది బేఈమానీ అవదా?"

నేను జవాబు ఇచ్చేలోపే మామూ కొడుకు ఫోన్ లాక్కుని, "భాయ్, స్కోప్ కనిపెట్టింది మనోళ్లే. ఇబ్న్ అల్ హైథమ్! వాట్సాప్‌లో వచ్చింది. అబ్బాకు అదే చెప్తున్నా, మన వస్తువు మనం వాడుకుంటే తప్పేంటని" అన్నాడు.

ఒకే ఫోన్‌లో రెండు సవాళ్లు. ఒకటి ఈమాన్‌దారీ గురించి, ఇంకోటి తారీఖ్ గురించి. వారం రోజులు కితాబులు తిరగేశాక తెలిసింది ఏమిటంటే, రెండూ ఒకటే సవాలు. ఎవరి మెహనత్‌కు ఎవరు దావా చేసుకోవచ్చు అన్నదే రెండింట్లోనూ ఉన్నది.

ముందు వాట్సాప్ సంగతి

అబూ అలీ అల్ హసన్ ఇబ్న్ అల్ హైథమ్ బస్రాలో సుమారు 965లో పుట్టారు, ఖాహిరాలో సుమారు 1040లో ఇంతెఖాల్ అయ్యారు. నైలు నది వరదను అదుపు చేస్తానని చెప్పి, ఫాతిమీ ఖలీఫా అల్ హాకిమ్ దగ్గరికి వెళ్లి, నదిని కళ్లారా చూశాక అది తన వల్ల కాదని అర్థమై, ఖలీఫా గుస్సా నుంచి తప్పించుకోవడానికి పిచ్చివాడిలా నటించారని ఒక రివాయత్ ఉంది. ఆ కాలంలోనే ఆయన రాసిన ఏడు భాగాల గ్రంథం 'కితాబ్ అల్ మనాజిర్'.

ఆయనకు ముందు యూక్లిడ్, టోలెమీ లాంటి యూనానీ ఆలిములు కంటి నుంచే కిరణాలు బయటికి వెళ్లి వస్తువును తాకితే మనకు కనబడుతుందని అనుకున్నారు. ఇబ్న్ అల్ హైథమ్ ఈ మాటను తిప్పేశారు. వెలుతురు వస్తువు మీద పడి, అక్కడి నుంచి సూటి గీతల్లో మన కంటిలోకి వస్తుందన్నారు. సూర్యుడిని చూస్తే కన్ను మండుతుంది కదా, బయటి నుంచి ఏదో లోపలికి వస్తేనే కదా అలా జరిగేది! అంతటితో ఆగలేదు. కన్ను చూసేది ఒకటైతే దిమాగ్ తీర్పు చెప్పేది ఇంకోటి కావచ్చన్నారు. మూడో భాగం మొత్తం నజర్ చేసే పొరపాట్ల గురించే రాశారు. ఏడో భాగం వెలుతురు గాజులో, నీళ్లలో ఎలా వంగుతుందన్న దాని గురించి.

ఆయనకంటే కొంచెం ముందు, 984 ప్రాంతంలో, బగ్దాద్‌లో ఇబ్న్ సహ్ల్ అనే గణిత ఆలిమ్ వెలుతురు వంగే లెక్కను సరిగ్గా పట్టుకున్నారు. స్కూలు పుస్తకాల్లో స్నెల్ నియమం అని చదువుకుంటాం కదా, అదే. ఇబ్న్ సహ్ల్ రాతలు చెల్లాచెదురైపోతే, వాటిని వెతికి కలిపి రోష్దీ రాషెద్ 1990లో దునియా ముందు పెట్టారు.

ఇదంతా మనది. ఫఖర్‌గా చెప్పుకోవచ్చు. కానీ ఇబ్న్ అల్ హైథమ్ దూర్‌బీన్ చేయలేదు. రైఫిల్ స్కోప్ సంగతి అసలే లేదు, ఆయన రోజుల్లో తుపాకీయే లేదు. ఆయన కితాబ్ లాటిన్‌లోకి తర్జుమా అయింది. రోజర్ బేకన్, విటెలో దాన్ని చదివారు. 1572లో బాసెల్‌లో రిస్నర్ అచ్చు వేయించాడు. కెప్లర్ 1604లో వెలుతురు మీద రాసిన పుస్తకానికి విటెలోకు అనుబంధం అన్న అర్థం వచ్చే పేరు పెట్టాడు. అంటే బస్రావాసి వెలిగించిన చిరాగ్ చేతులు మారుతూ జర్మనీ దాకా వెళ్లింది. చిరాగ్ మనది. ఆ వెలుగులో తర్వాతి వాళ్లు కట్టిన ఇల్లు కూడా మనదేనంటే అది ఇంకొకరి అమానత్‌లో ఖియానత్. వాట్సాప్ తయారుచేసే అబద్ధపు ఫఖర్ అసలు ఫఖర్‌ను కూడా పలచన చేస్తుంది. రేపు మన పిల్లవాడు క్లాసులో ఈ మాట చెప్పి నవ్వులపాలైతే, ఆ తర్వాత ఇబ్న్ సహ్ల్ పేరు నిజంగా చెప్పినా ఎవరూ నమ్మరు.

గాజు గొట్టంలో మకడీ

దూర్‌బీన్‌కు పేటెంట్ అడుగుతూ 1608లో నెదర్లాండ్స్‌లో దరఖాస్తు పెట్టింది హాన్స్ లిప్పర్‌షే అనే ఐనకులు చేసేవాడు. మరుసటి ఏడు గెలీలియో తన దూర్‌బీన్‌ను ఆకాశం వైపు తిప్పాడు. అందులో ఒకవైపు ఉబ్బెత్తు గాజు, కంటివైపు లోతు గాజు. దాంతో చూడొచ్చు గానీ నిషానా పెట్టలేం. ఎందుకంటే గొట్టం లోపల ఎక్కడా బొమ్మ ఏర్పడదు, గుర్తు పెట్టడానికి చోటు ఉండదు. 1611లో కెప్లర్ రెండూ ఉబ్బెత్తు గాజులే వాడొచ్చన్నాడు. అప్పుడు బొమ్మ తలకిందులవుతుంది గానీ గొట్టం లోపల ఒకచోట నిజంగా ఏర్పడుతుంది. సరిగ్గా అదే చోట ఒక పోగు అడ్డంగా పెడితే, దూరపు వస్తువు, పోగు రెండూ ఒకేసారి స్పష్టంగా కనబడతాయి.

ఆ పోగు పెట్టింది మనిషి కాదు, మకడీ. ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌లో విలియం గాస్కోయిన్ అనే నౌజవాన్ ఉండేవాడు. ఆకాశం చూసే షౌఖ్. 1640కి అటూఇటూ ఒకరోజు ఆయన దూర్‌బీన్ లోపల సాలెపురుగు దారం కట్టింది. కన్ను పెట్టి చూస్తే, ఆ దారం దూరపు దృశ్యం మీద గీత గీసినట్టు పడింది. ఎవరైనా అయితే గుడ్డతో తుడిచేసేవాళ్లు. ఆయన తుడవలేదు, ఆలోచించాడు. కావాలని అలాంటి పోగే పెట్టి నక్షత్రాలను కొలిచే పరికరానికి దూర్‌బీన్ బిగించాడు. పాపం, ఇంగ్లండ్ అంతర్యుద్ధంలో చిన్న వయసులోనే చనిపోయాడు.

మకడీ అనగానే మనకు గారె సౌర్ గుర్తొస్తుంది. నానీమా ఒళ్లో పడుకుని ఆ వాఖియా విననివాళ్లు మన ఇళ్లలో ఉండరు. ఇళ్లన్నిట్లో బలహీనమైనది సాలీడు ఇల్లని ఖురాన్ చెప్పిన సంగతీ తెలుసు. అంత బలహీనమైన ఆ దారమే ఇరవయ్యో శతాబ్దం దాకా కొలతల పరికరాల్లో గీతలకు పనికొచ్చింది. సన్నగా, సమంగా ఉండేది, చలికీ వేడికీ పెద్దగా మారేది కాదు. సుబ్హానల్లాహ్.

కంటికి ఉన్న మజ్‌బూరీ

దూర్‌బీన్ లేని రోజుల్లో నిషానా ఎలా కొట్టేవారు? మన చరిత్రలో అందరికీ నచ్చే ఒక మిసాల్ నూర్ జహాన్. 1617లో ఆరు గుళ్లతో నాలుగు పులులను కొట్టిందని జహంగీర్ తన తూజుక్‌లో రాసుకున్నాడు. ఏనుగు మీద అంబారీలో కూర్చుని, తోడేదార్ బందూఖ్‌తో! తోడేదార్ అంటే వెలిగించిన వత్తితో పేలే తుపాకీ. ఏనుగు కదులుతుంది, వత్తి పొగలు కక్కుతుంది. అయినా తప్పలేదు. దగ్గరి నుంచి, పెద్ద జంతువును కొట్టే పనికి పదునైన కన్ను, నిలకడైన చేయి చాలు.

దూరం పెరిగితే కథ మారుతుంది. సాదా తుపాకీలో వెనక దీద్‌బాన్, ముందు మక్ఖి, ఆవల నిషానా. ఈ మూడూ మూడు దూరాల్లో ఉంటాయి. కన్ను ఒకసారి ఒక్క దూరానికే నిలుస్తుంది. కుర్రాళ్ల కన్ను చకచకా మారగలదు. నలభై దాటాక కంటిలోపలి కటకం గట్టిపడి ఆ చురుకు పోతుంది. మక్ఖి కనబడితే నిషానా మసక, నిషానా కనబడితే మక్ఖి మసక. దూర్‌బీన్‌లో అయితే పోగూ నిషానా ఒకే తలంలో ఉంటాయి. పెద్దగా చూపించడం దాని రెండో మేలు. మూడు దూరాల జగడాన్ని తీర్చడం మొదటి మేలు. మామూజాన్ కన్ను అడుగుతున్నది ఆ మొదటిదే.

మలికా లాగిన దారం

1860 జులై 2న లండన్ పక్కన వింబుల్డన్‌లో బ్రిటిష్ నేషనల్ రైఫిల్ అసోసియేషన్ మొదటి పోటీలు. మొదటి గుండు పేల్చింది మలికా విక్టోరియా. రైఫిల్‌ను జోసెఫ్ విట్‌వర్త్ ఒక ఇనుప దన్ను మీద ముందే గురి చేసి బిగించాడు. రాణి చేసిందల్లా పట్టు దారం లాగడమే. 400 గజాల దూరంలో గుండు నడిమధ్యకు ఒకటింపావు అంగుళం దూరంలో తగిలింది. అందరూ చప్పట్లు. ఆ నిషానా ఎవరిది? రాణిదా, విట్‌వర్త్‌దా, ఇనుప దన్నుదా? మామూజాన్ అడిగిన సవాల్ 165 ఏళ్ల కిందటిదేనని ఇక్కడ అర్థమైంది.

అదే కాలంలో బాంబే సైన్యంలో నౌకరీ చేసిన డేవిడ్సన్ అనే స్కాట్లాండ్ అధికారి రైఫిల్ పక్కన బిగించే దూర్‌బీన్ తయారు చేయించాడు. అది విట్‌వర్త్ రైఫిళ్ల మీదికి ఎక్కింది. అమెరికాలో విలియం మాల్కమ్ న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్‌లో 1855 నుంచి రైఫిల్ దూర్‌బీన్లు చేసి అమ్మాడు. అవి ఇంచుమించు గొట్టమంత పొడవు, వేలంత సన్నం. లోపల కనబడే మేర బహుత్ చిన్నది.

అంటే దూర్‌బీన్ అప్పటికే ఉంది. అయినా 1874లో న్యూయార్క్ దగ్గర క్రీడ్‌మూర్‌లో ఐర్లండ్, అమెరికా జట్లు 800, 900, 1000 గజాల్లో తలపడినప్పుడు అందరూ సాదా దీద్‌బాన్‌తోనే కొట్టారు. పోటీ నియమం అది. అమెరికా 934, ఐర్లండ్ 931. మూడంటే మూడు పాయింట్లు. ఐర్లండ్ షూటర్ మిల్నర్ కొట్టిన ఒక గుండు సరిగ్గా మధ్యలో తగిలింది, కానీ పక్కవాళ్ల నిషానాలో! దానికి సున్నా వేశారు. మధ్యలో తగిలితే అప్పట్లో నాలుగు పాయింట్లు. ఆ గుండు తన నిషానాకు తగిలి ఉంటే గెలుపు ఐర్లండ్‌దే. ఈ వాఖియా గుర్తుపెట్టుకోండి, స్కోప్ ఎంచుకునేటప్పుడు మళ్లీ పనికొస్తుంది.

వెలుతురు లెక్క

పాత దూర్‌బీన్లు మసకగా ఎందుకుండేవి? గాలి నుంచి గాజులోకి, గాజు నుంచి గాలిలోకి మారే ప్రతిచోటా వెలుతురులో సుమారు నూటికి నాలుగు వంతులు వెనక్కి తిరిగిపోతుంది. బొమ్మను నిటారుగా నిలబెట్టే గాజులతో కలిపి ఐదు గాజులుంటే పది ముఖాలు. లెక్క వేసుకోండి, చివరికి కంటికి చేరేది మూడింట రెండు వంతులే. తిరిగిపోయిన వెలుతురు ఊరికే పోదు, గొట్టంలో అటూఇటూ తిరిగి పొగమంచులా బొమ్మను కప్పుతుంది.

1880లలో జర్మనీలోని యేనా ఊళ్లో ఓట్టో షాట్, అర్న్‌స్ట్ అబ్బే కలిసి కొత్త రకం గాజులు పోశారు. రంగులు విడిపోయి అంచుల్లో ఊదా చారలు కనబడే జబ్బు దాంతో తగ్గింది. 1935లో అదే యేనాలో జైస్ కంపెనీ శాస్త్రవేత్త అలెగ్జాండర్ స్మకూలా గాజు మీద వెంట్రుకకన్నా ఎన్నో రెట్లు సన్నని పూత వేసి, తిరిగిపోయే వెలుతురును ఆపే పద్ధతి కనిపెట్టాడు. ఈరోజు మీ ఐనక్ మీద లేత పచ్చగానో ఊదాగానో మెరిసేది ఆ పూత మనవరాలే.

గురి సరిచేసే పద్ధతీ మారింది. జర్మనీలో పుట్టి అమెరికా వలస వెళ్లిన జాన్ ఉనర్టల్ 1934లో పిట్స్‌బర్గ్‌లో సొంత కంపెనీ పెట్టాడు. ఆయన టార్గెట్ స్కోపుల్లో గొట్టం మొత్తం బయటి మరల మధ్య కదిలేది. మర తిప్పితే గొట్టమే వంగేది. తుపాకీ పేలితే గొట్టం ముందుకు జారేది, షూటర్ ప్రతిసారీ దాన్ని చేత్తో వెనక్కి లాక్కోవాలి. ఇప్పటి స్కోపుల్లో చాలావరకు మరలు లోపలి గాజులనే కదుపుతాయి, బయటి గొట్టం కదలదు.

ఫార్కీ చేసిన ఇన్సాఫ్

ఇక మామూజాన్ సవాల్‌కు జవాబు. అది ఆయన ఉండే కెనడాలోనే దొరికింది.

1990లలో కెనడా షూటర్ జార్జ్ ఫార్కర్సన్, దోస్తులు 'ఫార్కీ' అని పిలిచేవారు, వయసు మీద పడి పాత పద్ధతిలో ఆడటం కష్టమైంది. ఇంటికెళ్లి కూర్చోలేదు. రైఫిల్‌కు స్కోప్ పెట్టుకుని, ముందువైపు దన్ను పెట్టుకుని ఆడే వర్గం కావాలని అడిగాడు. ఆయన పేరులోని మొదటి అక్షరంతోనే దానికి ఎఫ్ క్లాస్ అని పేరు. ఈరోజు దానికి ప్రపంచ పోటీలు జరుగుతున్నాయి, నౌజవాన్లూ ఆడుతున్నారు.

దీనికి రాసుకున్న ఖానూన్ చూడండి. పాత పద్ధతి టార్గెట్ రైఫిల్‌లో 1000 గజాల దగ్గర నడిమి వలయం సుమారు 10 అంగుళాలు, ఐదు పాయింట్ల వలయం సుమారు 20 అంగుళాలు. ఎఫ్ క్లాస్‌లో? నడిమిది 5 అంగుళాలు, ఐదు పాయింట్లది 10 అంగుళాలు. సగానికి సగం! కంటికి సాయం ఇచ్చారు, బదులుగా నిషానాను చిన్నది చేశారు. తరాజూలో ఒక పళ్లెంలో బరువేస్తే రెండో పళ్లెంలోనూ వేశారు. దీన్ని ఇన్సాఫ్ అంటారు.

బేఈమానీ దూర్‌బీన్‌లో ఉండదు. దూర్‌బీన్ లేదని చెప్పి పెట్టుకోవడంలో ఉంటుంది. మన హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో 701.1 పాయింట్లతో కాంస్యం తెచ్చారు. ఆ ఆటలో స్కోప్ మనా, చిన్న రంధ్రంలోంచి చూడాలి. పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు. ఆయనది ఒక ఖానూన్, ఫార్కీది ఇంకో ఖానూన్. ఎవరి ఖానూన్‌లో వాళ్లు నిఖార్సుగా నిలబడితే ఇద్దరిదీ నిజమైన నిషానాయే.

ఇక స్కోప్ ఎంపిక

ఇంత తారీఖ్ ఎందుకు చెప్పానంటే, స్కోప్ కొనేటప్పుడు చూడాల్సిన ప్రతి విషయం వెనకా ఇందులోని ఒక మనిషి నిలబడి ఉన్నాడు. మామూజాన్‌కు రాసిన ఖత్‌లోని సంగతులే ఇక్కడా పెడుతున్నాను.

మొదటిది, ఎన్ని రెట్లు పెద్దగా చూపించాలి? మామూ కొడుకు 60 రెట్లది కొనిద్దామంటాడు. తొందర వద్దు. ముందు గాజు వ్యాసాన్ని రెట్లతో భాగిస్తే కంటికి వచ్చే వెలుతురు స్తంభం వెడల్పు తెలుస్తుంది. 56 మిల్లీమీటర్ల గాజు, 40 రెట్లు అయితే 1.4 మిల్లీమీటర్లు. 25 రెట్లయితే 2.2. స్తంభం సన్నబడేకొద్దీ బొమ్మ మసకబారుతుంది, తల కొంచెం కదిలినా నల్లబడుతుంది, పెద్ద వయసువాళ్ల కంట్లో తేలే మచ్చలు ఎక్కువగా కనబడతాయి. పైగా ఎండలో నేల నుంచి లేచే సెగ 60 రెట్లలో 60 రెట్లు ఊగుతుంది. ఆ ఊగడం గాలి ఎటు వీస్తోందో చెప్పే నిషానీ కూడా, కాబట్టి కనబడాలి, కానీ నిషానానే మింగేసేంత కాదు. రెట్లు తగ్గించుకునే వీలున్న స్కోప్ తీసుకుని, చాలా రోజులు 25, 35 మధ్య ఆడటం మేలు.

రెట్లు పెరిగితే కనబడే మేర తగ్గుతుంది. పక్క నిషానా నంబరు కనబడకపోతే మిల్నర్ గతే. ఆయన దగ్గర స్కోప్ లేకపోయినా ఆ తప్పు జరిగింది. మరి ఒక్క నిషానా తప్ప ఏమీ కనబడని గొట్టంలో చూసేవాళ్లు ఇంకెంత హోషియార్‌గా ఉండాలి!

రెండోది, నజర్ చేసే ధోకా. తల అటూఇటూ కదిపితే పోగు నిషానా మీద జారినట్టు కనబడుతుంది. నిషానా బొమ్మ సరిగ్గా పోగు ఉన్న తలంలో పడకపోతే ఇలా అవుతుంది. పారలాక్స్ అంటారు. ముందు కంటివైపు గాజును ఖాళీ ఆకాశం వైపు పెట్టి పోగు స్పష్టంగా కనబడేలా తిప్పాలి. తర్వాత నిషానా వైపు పెట్టి, తల కదిపినా పోగు జారనంత వరకు పక్క మర తిప్పాలి. మర మీద రాసిన అంకెను నమ్మొద్దు, కంటిని కదిపి పరీక్షించుకోవాలి. చూసినదాన్ని వెంటనే నమ్మొద్దు, పరీక్షించు అన్నదే ఇబ్న్ అల్ హైథమ్ దారి. మనవాళ్ల వారసత్వం స్కోప్‌లో వెతకాలనుకుంటే ఇక్కడ వెతకండి.

మూడోది, మర అడుగు. ఒక డిగ్రీ కోణాన్ని అరవై భాగాలు చేస్తే ఒక్కోటి ఒక నిమిషం, అరబీలో దఖీఖా. ఒక దఖీఖా 100 గజాల దగ్గర 1.047 అంగుళాలు, 1000 గజాల దగ్గర పదిన్నర అంగుళాలు. మర ఒక్క టిక్కుకు దఖీఖాలో నాలుగోవంతు కదిలితే 1000 గజాల దగ్గర 2.6 అంగుళాలు, ఎనిమిదోవంతైతే 1.3. నడిమి వలయం 5 అంగుళాలే కాబట్టి ఎనిమిదోవంతు టిక్కే మంచిది. పోగు కూడా అలాగే మకడీ దారమంత సన్నగా ఉండాలి. మందంగా ఉంటే నడిమి వలయాన్నే కప్పేస్తుంది.

నాలుగోది, ఎత్తు. 100 గజాలకు సరిచేసిన రైఫిల్‌ను 1000 గజాలకు తీసుకెళ్లాలంటే మామూ వాడే .308 గుండుకు 30 దఖీఖాల చుట్టుపక్కల పైకి తిప్పాలి. మర అంత తిరగాలి. తిరగకపోతే ముందుకు వాలిన పట్టీ మీద స్కోప్ బిగించాలి. కొన్నాక మొదటి పని, 100 గజాల దగ్గర ఒక పొడవాటి కాగితం మీద నిటారుగా గీత గీసి, 30 దఖీఖాలు తిప్పి మళ్లీ కొట్టడం. గుండు 31.4 అంగుళాలు పైకి, గీత మీదే పడాలి. తిరిగి కిందికి తిప్పితే మొదటి చోటికే రావాలి. రాకపోతే ఎంత ఖరీదైనదైనా వాపస్ ఇచ్చేయాలి.

ఐదోది, బరువు. .308తో ఆడే ఎఫ్ క్లాస్ వర్గంలో స్కోప్, ముందు కాళ్లు అన్నీ కలిపి రైఫిల్ 8.25 కిలోలు దాటకూడదు. ఎక్కువ రెట్ల స్కోప్ సాధారణంగా బరువు. స్కోప్‌లో పెరిగిన ప్రతి వంద గ్రాములూ గొట్టంలోనో కట్టెలోనో తగ్గించుకోవాలి. దుకాణానికి తరాజూ తీసుకెళ్లమని రాశాను. నవ్వారు గానీ తీసుకెళ్తారనుకుంటా.

చివరి మాట

తీరందాజీ మన దీన్‌లో పసందు చేసిన హునర్. సాద్ బిన్ అబీ వఖ్ఖాస్ రజియల్లాహు అన్హు పేరు వినగానే విల్లు గుర్తొస్తుంది. విల్లుకు బదులు బందూఖ్ వచ్చింది, మక్ఖికి బదులు మకడీ దారం వచ్చింది, ఆ దారానికి బదులు గాజు మీద చెక్కిన గీత వచ్చింది. మారనిది నిషానా పెట్టేముందు ఊపిరి నిలబెట్టుకునే సబర్, గుండు ఎక్కడ తగిలితే అక్కడే తగిలిందని ఒప్పుకునే ఈమాన్‌దారీ.

ఖత్ చదివాక మామూజాన్ ఫోన్ చేశారు. కొడుక్కి కూడా చదివి వినిపించారట. వాడు వాట్సాప్ గ్రూపులో ఆ మెసేజ్ కింద, "ఇది పూర్తి నిజం కాదు, అసలు సంగతి ఇది" అని ఇబ్న్ సహ్ల్ గురించి, గాస్కోయిన్ గురించి రాశాడట. ఇద్దరు ముగ్గురు గుస్సా అయ్యారట. కానివ్వండి.

"మరి స్కోప్ సంగతి?" అని అడిగాను.

"60 రెట్లది వద్దన్నా. మధ్యరకంది చూశాం. వచ్చే నెల కొంటా. కానీ బేటా, పాత దీద్‌బాన్ మాత్రం అమ్మను. డబ్బీలో పెట్టి దాస్తా. నీ కొడుకు పెద్దయ్యాక కళ్లు బాగున్నన్నాళ్లు దాంతోనే ఆడమను" అన్నారు.

ఇన్షా అల్లాహ్, అలాగే మామూజాన్. మీ నజర్‌ను, మా అందరి నజర్‌ను అల్లాహ్ సలామత్‌గా ఉంచాలి. ఆమీన్.